ఔషధముల చిట్టా



జ్వరము తగిలిన పెద్దమనిషికి వైద్యుడు డోలో 650 వ్రాసియిచ్చును. ఇంటిలో మిగిలియున్న కాల్పాల్ 500ను కోడలు తెచ్చి చేతిలో పెట్టును. జలుబునకని దుకాణమువాడు వేరొక మాత్ర నిచ్చును. మూడు అట్టలు, మూడు పేర్లు. కాని మొదటి రెంటిలోను ఉన్న మందు ఒక్కటియే, పారాసెటమాల్. జలుబు మాత్రలలో పెక్కింటియందును అదియే కలిసియుండును. పెద్దవారు దినమునకు 4000 మిల్లీగ్రాములకు మించి దీనిని పుచ్చుకొనరాదు. మించినచో కాలేయము చెడును. బక్కపలుచని ముసలి దేహమునకు ఆ మేర ఇంకను తక్కువ. ఆయన మూడు మందులు మ్రింగితి ననుకొనునే గాని, ఒకే మందును మరల మరల మ్రింగుచున్నానని యెరుగడు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. మన వైద్య నిఘంటువులు వ్రాసినవారికిని ఇది తెలియును. తిప్పతీగకు గుడూచి యనియు, అమృత యనియు పేర్లు గలవు. ఆ అమృత యను పేరే కరక్కాయకును కలదు. ఒక వస్తువునకు పలు పేర్లు, ఒక పేరునకు పలు వస్తువులు! అందుచేతనే వారు ద్రవ్యమును ముందుంచి పర్యాయపదములను దానిక్రింద కూర్చిరి. నేడు ఆయా దేశములు కంప్యూటర్లలో నిర్మించుకొనుచున్న జాతీయ ఔషధ సూచికలకును మొదటి మెట్టు ఇదియే. పేర్లను అక్షరక్రమమున వ్రాసికొనిపోయిన మాత్రమున సూచిక కాదు. ఏది వస్తువు, ఏది పేరు, దేనిక్రింద ఏది యుండవలెను అను ఏర్పాటు ముందు కుదరవలెను.

బ్రిటిషువారి జాతీయ ఆరోగ్య సేవ 1948లో ఏర్పడినది. ఆ సేవవారికి 'డిక్షనరీ ఆఫ్ మెడిసిన్స్ అండ్ డివైసెస్' అను ఎలక్ట్రానిక్ సూచిక కలదు. అందు మందునకు ఐదంతస్తులు. అన్నిటికి పైన పారాసెటమాల్ అను మాట మాత్రమే యుండును. దానిక్రింద 'పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర'. చేసినవారెవరో ఇచట చెప్పరు. వైద్యుడు సాధారణముగా చీటీ వ్రాయునది ఈ అంతస్తుననే. అదే మాత్రను ఫలానా కంపెనీ చేసినదని చెప్పునది వేరొకటి. తక్కిన రెండును పెట్టెలవి: 32 మాత్రల పెట్టె యని ఒకటి, ఫలానా కంపెనీవారి 32 మాత్రల పెట్టె యని మరియొకటి. అట్టపెట్టెకేల ఇంత గౌరవమని మీరడుగవచ్చును. 1998లో ఆ దేశమున ఒక కట్టడి వచ్చినది. సాధారణపు అంగళ్లలో పారాసెటమాల్ 16 మాత్రలకు మించిన పెట్టె అమ్మరాదు. 32 మాత్రల పెట్టె మందుల దుకాణముననే దొరకవలెను. మందు ఒక్కటియే, బలమొక్కటియే, అయినను పెట్టెను బట్టి చట్టము వేరైనది. వెలయును పెట్టెకే గదా!

బలమును వ్రాయుటలో ప్రాణసంకటమున్నది. పసిబిడ్డల పారాసెటమాల్ చుక్కల మందు మన అంగళ్లలో మిల్లీలీటరునకు 100 మిల్లీగ్రాముల బలముతో దొరకును. సిరప్పు 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములది, అనగా మిల్లీలీటరునకు 25. చుక్కల మందు దానికి నాలుగింతలు. కావున సూచికలో అంకె ఒక గడిలోను, మిల్లీగ్రామా మైక్రోగ్రామా యనునది వేరొక గడిలోను, ఎంత ద్రవమునకు అనునది ఇంకొక గడిలోను ఉండవలెను. మూడును కలగలిపి ఒక్క వాక్యముగా వ్రాసినచో మనుష్యుడు చదువుకొనును గాని యంత్రము పోల్చి చూడలేదు.

ఇన్సులిన్ సంగతి ఇంకను భయంకరము. మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్లదియు కలదు, 100 యూనిట్లదియు కలదు. సిరంజులును ఆ రెండు తెరగులవే. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజి గీతలను బట్టి ఎక్కించినచో రోగికి రెండున్నర రెట్లు పోవును. రక్తములోని చక్కెర పడిపోయి మనిషి స్మృతి తప్పును. అందుచేత మందుతోపాటు సిరంజి సహితము సూచికలోని కెక్కవలెను. బ్రిటిషు సూచిక పేరులో ఉపకరణములను తెలుపు 'డివైసెస్' అను మాట ఊరక చేరలేదు.

రక్తపుపోటునకు వాడు అమ్లోడిపిన్ మాత్రను చూడుడు. అందు బెసిలేట్ అను లవణరూపమున సుమారు 6.9 మిల్లీగ్రాములుండును, అసలు మందు 5. రెండంకెలును నిజమే. ఏ లెక్క పట్టవలెనో ముందే తేల్చుకొనని సూచికలో ఒకే మాత్ర రెండు మందులై కూర్చుండును.

ఇక సంఖ్యల మాట. మీలో పెక్కురు అడంగలు చదువనేర్చినవారు. పట్టాదారు గతించి కొడుకు పేరు వచ్చును, భూమి చేతులు మారును, సర్వే నంబరు మాత్రము నిలిచియుండును. పొలమును పంచుకొన్నచో 112/1, 112/2 అగునే గాని ఆ 112ను వేరొకరి పొలమునకు తగిలింపరు. మందుల సంఖ్యయును అట్లే యుండవలెను. సంఖ్యను చూడగానే మందు తెలియునట్లు, మొదటి అంకెలు జ్వరపు మందులకని, తరువాతివి నొప్పుల మందులకని పంచిపెట్టవలెనని కొందరికి ఆశ పుట్టును. నాకది సమ్మతము కాదు. ఆస్పిరిన్ నొప్పికిని జ్వరమునకును వాడిన మందు. నేడు 75 మిల్లీగ్రాముల మాత్రగా గుండెజబ్బువారికి ఇచ్చుచున్నారు. మందు క్రొత్త పని నేర్చినప్పుడెల్ల సంఖ్య మార్చుచు పోదుమా? సంఖ్య మూగదైయుండుటయే మేలు. మందు పనిని వేరొక గడిలో వ్రాసికొనవచ్చును.

మన దేశమునకు మిశ్రమముల బెడద యొకటి కలదు. రెండు మూడు మందులను కలిపి ఒకే మాత్రగా చేసి, దాని కొక ముద్దు పేరు పెట్టి అమ్ముదురు. 2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము అట్టి మిశ్రమములను 328 నిషేధించినది. నిషేధించినది మిశ్రమమును, దుకాణపు బీరువాలలో నున్నవి పేర్లు. ఏ పేరు వెనుక ఏ మిశ్రమమున్నదో ముడివేసిన సూచిక యున్నచో ఒక్క ప్రశ్నతో అన్ని పేర్లును బయటపడును. లేనిచో తనిఖీ అధికారి అట్ట తరువాత అట్ట త్రిప్పి చూచుకొనవలసినదే. ఇంకొక మాట. నిషేధించిన మందును సూచికనుండి తుడిచివేయరాదు. 2016లో దానిని మ్రింగినవాని చీటీ ఆస్పత్రిలో నున్నది. నేటి వైద్యుడు అదేమని వెదకినచో దొరకవలెను. ఫలానా తేదీనుండి చెల్లదని ప్రక్కన వ్రాసిన చాలును.

ఈ పని మన దేశముననుకూడ మొదలైనది. పూనాలోని సీ-డాక్ సంస్థవారు 'కామన్ డ్రగ్ కోడ్స్ ఫర్ ఇండియా' అను పట్టికను ప్రకటించిరి. 2023 ఆగస్టు 1నుండి తయారగు 300 ప్రసిద్ధ వ్యాపారనామముల మందులపై క్యూఆర్ గుర్తు ఉండవలెనని నియమము వచ్చినది. ఆ గుర్తును మీ మనుమని ఫోనుకు చూపినచో మందు అసలు పేరు, చేసినవారి పేరు, గడువు తేదీ తెలియును. ఆ యట్టలో నున్నదే మీ జేబులోని రెండవ యట్టలోను కలదని చెప్పుట మాత్రము దాని వశము కాదు. అది చెప్పవలసినది సూచిక.