ప్రతికృతి నుండి రూపచిత్రానికి

తుర్కయంజాల్‌లో గాని, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలలో గాని తీరిక వేళల తైలవర్ణాలతో రూపచిత్రం వేయ నేర్చుకొనేవారికి మొదట ఒక సందేహం కలుగుతుంది. ఒకరి చిత్రాన్ని చూచి వేయడం విద్యా, చౌర్యమా? తన పేరు పెట్టుకొని చలామణీ చేస్తే చౌర్యమే. మూలకర్త పేరు వెనుక వ్రాసి ఇంట ఉంచుకొంటే అది విద్యాభ్యాసమే.

ఈ అభ్యాసం హైదరాబాదుకు కొత్తది కాదు. 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ అజంతా చిత్రాలకు ప్రతికృతులు వేయించినప్పుడు, నందలాల్ బోసు ప్రభృతులతోపాటు హైదరాబాదు నుండి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ కూడా ఆ పనిలో పాల్గొన్నారు. నందలాల్ బోసు అజంతా దగ్గరే ఆగిపోలేదు. 1938లో హరిపుర కాంగ్రెసుకు ఆయన వేసిన పటాలలో పల్లెజనులు తమ తమ పనులతో దర్శనమిస్తారు.

అయితే ఎక్స్‌ప్రెషనిస్టుల చిత్రాన్ని అనుసరించడంలో చిక్కు ఒకటున్నది. కన్ను చూచినదానికంటె మనస్సు అనుభవించినది వారికి ముఖ్యం. అందుచేత నీడ ఆకుపచ్చనవుతుంది, నుదురు పసుపవుతుంది. ఇంటివారు చూచి, "ముఖమెక్కడైనా ఇట్లా ఉంటుందా?" అంటారు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడమే అసలు పాఠం.

ఆ మార్గానికి ఆద్యులలో ఒకరు నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్. ఆయన అక్క సోఫీ 1877లో పదిహేనవ యేట క్షయవ్యాధితో మరణించింది. ఆ దుఃఖం నుండి 'రోగగ్రస్త బాలిక' పుట్టింది. 1885-86లో మొదటిసారి వేస్తూ ఆయన రంగును పూసి, గీకి, మళ్ళీ పూశారు. పూర్తికాని చిత్రమని విమర్శకులు ఈసడించారు. ఆయన మాత్రం సుమారు నలభై యేళ్ళలో ఆ చిత్రాన్ని ఆరుమార్లు వేశారు. తన చిత్రాన్నే మళ్ళీ మళ్ళీ వేసినవాడాయన!

అభ్యాసకులు మొదట ముద్రిత ప్రతి మీద గళ్ళు గీసి, కాన్వాసు మీద ఆకృతిని కుదుర్చుకోవాలి. టర్పెంటైన్‌తో పలుచన చేసిన గోధుమ రంగుతో వెలుగునీడలను నిలపాలి. ఆ పిమ్మటనే తక్కిన రంగులు. అవిసె నూనె ఆవిరై ఆరదు. గాలిలోని ఆమ్లజనిని గ్రహించి గట్టిపడుతుంది. కాబట్టి కింది పూతలో నూనె తక్కువగా, పై పూతలో ఎక్కువగా ఉండాలి. తారుమారైతే పైపూత పగులుతుంది. రంగు దళసరితనం కాగితం మీద తెలియదు. అందుకు, శైలి వేరైనా సరే, సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఐరోపా తైలచిత్రాలను దగ్గరగా చూడడం మేలు.

ఒక్కొక్క రంగు దగ్గర ఆగి, దానిని మామూలు చర్మపు రంగుగా మారిస్తే చిత్రంలో ఏమి పోతుందో ఆలోచించండి. సమాధానం దొరికినప్పుడే ఆ రంగు వంటబట్టినట్లు.

అటుతరువాత ప్రతికృతిని పక్కకు పెట్టి, ఇంట్లోని అవ్వను కిటికీ దగ్గర కూర్చుండబెట్టి వేయండి. మంక్ ఆకుపచ్చను అవ్వ ముఖానికి పులమనక్కరలేదు. అది సోఫీ గదిలోని రంగు. ఆమె చెంపల ముడతలలో, అలసిన కన్నులలో మీకు తోచే రంగు మరొకటి ఉంటుంది. దానిని ఎంచుకొనే ధైర్యమే ప్రతికృతి నుండి నేర్వవలసినది.