బస్తర్ దాకా వచ్చిన మాంటెస్క్యూ

రాయపూర్‌లో మోవా మీదుగా వెళ్లే పెద్ద రోడ్డును అక్కడివాళ్లు విధానసభ రోడ్డంటారు. ఇరవై ఏళ్లకు పైగా ఛత్తీస్‌గఢ్ చట్టాలు తయారైంది ఆ దారిలోనే. హైకోర్టు మాత్రం బిలాస్‌పూర్‌లో ఉంది. చట్టం చేసేవాళ్లు, అమలు చేసేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు ఒకరే కాకూడదన్నాడు ఫ్రెంచి తత్వవేత్త మాంటెస్క్యూ. ఊళ్లు కూడా వేరుగా ఉండాలని ఆయన అనలేదు లెండి!

ఆ పెద్దమనిషి 1748లో జెనీవాలో తన పేరు లేకుండా ఒక పుస్తకం అచ్చు వేయించాడు. అధికారాన్ని అధికారమే ఆపాలన్నది అందులో కీలకం. చిత్రమేమంటే, అంత చెప్పినాయన పెదనాన్న నుంచి వారసత్వంగా వచ్చిన న్యాయమూర్తి పదవిని 1726లో అమ్ముకున్నాడు. కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖను వేరు చేయాలనే మన రాజ్యాంగం 50వ అధికరణంలో ఆయన అధికార విభజన ఆలోచనే కనిపిస్తుంది. కలెక్టరే మేజిస్ట్రేటుగా కూర్చున్న దొరల కాలం అంబేడ్కర్ తరానికి బాగా గుర్తు.

ఆ సిద్ధాంతానికి అసలు పరీక్ష ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో వచ్చింది. 2005లో అక్కడ సల్వాజుడుం అనే మావోయిస్టు వ్యతిరేక ఉద్యమం ప్రభుత్వ అండతో మొదలైంది. మావోయిస్టుల మీదికి ఆదివాసీ కుర్రాళ్లను ప్రత్యేక పోలీసు అధికారులుగా (ఎస్‌పీవోలు) దించారు. ఐదో తరగతి చదువు, నెలకు 3000 రూపాయల భృతి, చేతిలో తుపాకి! ఊళ్లు ఖాళీ అయ్యాయి. అలా తరలివచ్చిన గొత్తికోయ ఆదివాసీలు మన ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. జనం ప్రాణాలు కాపాడతానన్న నమ్మకం మీదే ప్రభుత్వానికి అధికారమని ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ అంతకు మూడు శతాబ్దాల ముందే రాశాడు. మరి ఆ పనిని పిల్లకాయల నెత్తిన పెట్టడమేమిటి?

దీని మీద 2007లో సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహలతో కలిసి సుప్రీంకోర్టు తలుపు తట్టినవారిలో మన విశ్రాంత ఐఏఎస్ అధికారి ఈ.ఎ.ఎస్. శర్మ ఒకరు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తీర్పిచ్చారు: ఎస్‌పీవోలను మావోయిస్టుల మీద ప్రయోగించడం సమానత్వ హక్కుకూ జీవించే హక్కుకూ విరుద్ధం, ఇచ్చిన తుపాకులు వెనక్కి తీసుకోండి.

అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ శాసనసభ, సహాయక సాయుధ పోలీసు బలగాల చట్టం చేసి, పద్దెనిమిదేళ్లు నిండిన పాత ఎస్‌పీవోలు అందులో చేరే వీలు కల్పించింది. ఇది కోర్టు ధిక్కారమేనని పిటిషనర్లు వాదించారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చట్టం చేయడం శాసనసభ హక్కు, అది రాజ్యాంగ విరుద్ధమనుకుంటే వేరుగా సవాలు చేసుకోవచ్చంది. దానికి ఆధారంగా చూపింది కూడా అధికార విభజననే! సిద్ధాంతపరంగా ఆ మాటలో తప్పు పట్టలేను. కానీ ధిక్కార పిటిషన్ తేలడానికే అన్నేళ్లు పట్టిందన్నది మాత్రం నాకు మింగుడుపడదు.