గినీ పంది సాక్ష్యం

యల్లాప్రగడ సుబ్బారావు 1948 ఆగస్టులో అమెరికాలో కన్నుమూశారు. ఆయన పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థ నుంచి ఆరియోమైసిన్ వైద్యుల చేతికి వచ్చింది కూడా ఆ ఏడాదే. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. భీమవరంలో పుట్టిన ఆ శాస్త్రజ్ఞుణ్ణి తలచుకునే సభల్లో ఆయన హయాంలో వచ్చిన మందుల పేర్లు చదవడం ఆనవాయితీ. అలాంటి మందులు మనిషి దాకా వచ్చిన దారిలో ప్రాణాలు విడిచిన ఎలుకలు, కుందేళ్లు, గినీ పందుల గురించి మాట్లాడేవారు తక్కువ. ఈ స్మారకోపన్యాసం వాటి గురించి.

దొర్నిపాడు, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఈ కథను గొర్రెతో మొదలుపెట్టడమే న్యాయం. రాయలసీమ కాపరులు దొమ్మరోగం అని పిలిచే ఆంత్రాక్స్ దగ్గరే సూక్ష్మక్రిమి శాస్త్రం కూడా మొదలైంది. 1876లో రాబర్ట్ కాక్ ఇంకా పేరుమోసిన ఆచార్యుడు కాదు, వోల్‌స్టైన్ అనే చిన్న ఊళ్లో ప్రభుత్వ వైద్యుడు. దొమ్మతో చచ్చిన పశువుల ప్లీహంలోని రక్తాన్ని సన్నని కొయ్యపుల్లకు అంటించి ఎలుక తోక మొదట పెట్టిన గాటులోకి ఎక్కించారు. ఆ ఎలుక చచ్చాక దాని ప్లీహం నుంచి మరో ఎలుకకు, దాని నుంచి ఇంకోదానికి, అలా ఇరవై దాకా. చివరి ఎలుకలోనూ అవే కడ్డీల్లాంటి బ్యాక్టీరియా కనిపించాయి. ఎద్దు కంటిలోని ద్రవంలో వాటిని పెంచి, అవి గట్టి సిద్ధబీజాలుగా మారడం సూక్ష్మదర్శినిలో చూశారు. మంద మొత్తం పోయిన బీడులో ఏళ్లు గడిచాక కూడా రోగం మళ్లీ ఎందుకు లేస్తుందో అప్పుడు తెలిసింది.

అయిదేళ్ల తర్వాత, 1881లో, ఫ్రాన్స్‌లోని పుయీ-ల-ఫోర్ అనే పల్లెలో లూయీ పాశ్చర్ రైతుల ఎదుటే పందెం కాశారు. టీకా వేసిన గొర్రెలకు, వేయని గొర్రెలకు మే 31న దొమ్మ క్రిములను ఎక్కించారు. జూన్ 2న జనం వచ్చి చూసేసరికి టీకా వేసినవి మేస్తున్నాయి. వేయని గొర్రెలు చచ్చి పడివున్నాయి, లేదా చావుకు దగ్గరపడ్డాయి.

గొర్రె రోగాన్ని గొర్రెలోనే పరీక్షిస్తే జవాబు సూటిగా వస్తుంది. మనిషి రోగాన్ని మరో జంతువులో వెతికినప్పుడే అసలు చిక్కు. ఆ జంతువు కోర్టులో నిలబడిన సాక్షి లాంటిది, అడిగినదానికే జవాబిస్తుంది. అడగనిది చెప్పదు.

క్షయ చరిత్ర నిండా ఈ చిక్కే. 1882 మార్చి 24న కాక్ బెర్లిన్‌లో క్షయ క్రిమిని ప్రకటించినప్పుడు ఆయన చేతిలో ఉన్న బలమైన ఆధారం గినీ పందులే. ఆ క్రిమికి అవి ఇట్టే లొంగిపోతాయి. రోగి కఫంలో క్షయ ఉందో లేదో తేల్చడానికి దశాబ్దాల పాటు ఆ కఫాన్ని గినీ పందికి ఎక్కించి వారాల తరబడి కాచుకునేవారు. అదే కాక్ 1890లో గినీ పందుల్లో క్షయను ఆపే పదార్థం దొరికిందన్నారు. దాని పేరు ట్యుబర్క్యులిన్. రోగులు బెర్లిన్‌కు బారులు తీరారు. మందుగా అది విఫలమైంది, కొందరికి ప్రాణాంతకమైంది. రోగం సోకిందో లేదో కనిపెట్టే చర్మ పరీక్షగా మాత్రం నిలిచింది.

మందుల వేటలో ఎలుక చేసిన మేలు చిన్నది కాదు. గెర్హార్డ్ డోమాక్ పరీక్షించిన ప్రోంటోసిల్ అనే ఎర్ర రంగు పదార్థం గాజు గొట్టంలో క్రిములను ఏమీ చేయలేదు. ఎలుక ఒంట్లోకి వెళ్లాక విడిపోయి సల్ఫా మందుగా మారి వాటిని అణచింది. గొట్టాన్ని మాత్రమే నమ్మి ఉంటే సల్ఫా మందుల యుగం ఎప్పుడు మొదలయ్యేదో. 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ బృందం ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ ఎక్కించి, నాలుగింటికి పెనిసిలిన్ ఇచ్చింది. తెల్లారేసరికి మందు అందని నాలుగూ చచ్చాయి, అందినవి బతికాయి. వాళ్లు ఆ రోజు ఎలుకలకు బదులు గినీ పందులను ఎంచుకుని ఉంటే కథ మరోలా నడిచేది. పెనిసిలిన్ గినీ పంది పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చెదరగొట్టి ఆ జంతువునే చంపుతుంది.

కలరా విషయంలో సాక్షి దొరకడానికే డెబ్భై ఏళ్లు పట్టింది. 1884లో కలకత్తాలో కాక్ కలరా క్రిమిని పట్టుకున్నా, ఏ జంతువులోనూ ఆ రోగాన్ని తెప్పించలేకపోయారు. అదే నగరంలో శంభునాథ్ డే 1953లో కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, మధ్యలోకి కలరా క్రిములను పంపారు. ఆ భాగం నీటితో ఉబ్బింది. 1959లో క్రిములను పూర్తిగా వడకట్టేసిన ద్రవంతోనూ అదే ఫలితం వచ్చింది. అంటే మనిషిని పీల్చి పిప్పి చేసేది క్రిమి విడిచే విషం. ఖరీదైన యంత్రం లేకుండా, దారం ముక్కతో, సరైన ప్రశ్నతో సాధించిన ఆ విజయానికి ఆయన బతికుండగా దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

ఇక మన వైపు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1915లో తెరుచుకుంది. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్-మొల్లర్ వైద్య కుటుంబం రెండు తరాలు అక్కడ పనిచేసింది. 1948లో దేశంలో బీసీజీ టీకాల పని మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ టీకా పుట్టుకే పశువు నుంచి. ఫ్రాన్స్‌లో కాల్మెట్, గ్యురాన్ ఆవుల్లో క్షయ తెచ్చే క్రిమిని తీసుకుని, పదమూడేళ్లు ప్రయోగశాలలో పెంచి పెంచి దాని పదును పోగొట్టారు. గినీ పందుల్లో అది క్షయను బాగా అడ్డుకుంది.

మనుషుల్లో అదెంత అడ్డుకుంటుందో తేల్చడానికి 1968లో మద్రాసు పక్కన చెంగల్పట్టులో ప్రపంచంలోకెల్లా పెద్ద బీసీజీ పరీక్ష మొదలైంది. రెండున్నర లక్షల మందికి పైగా అందులో ఉన్నారు. 1979లో వచ్చిన ఫలితం అందరినీ కుంగదీసింది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయ నుంచి అక్కడ ఆ టీకా రక్షణ ఇవ్వలేదు.

గినీ పంది అబద్ధం చెప్పిందా? లేదు. బోనులో పెరిగిన జంతువుకు మట్టిలో, నీళ్లలో తిరిగే క్షయ క్రిమి చుట్టాలతో పరిచయం ఉండదు. చెంగల్పట్టు పల్లెల మనిషికి పుట్టినప్పటి నుంచీ ఉంటుంది. 1966లోనే పామర్, లాంగ్ అనే ఇద్దరు గినీ పందులకు ముందు ఆ చుట్టాలను సోకించి చూశారు. కొంత రక్షణ అప్పటికే రావడంతో బీసీజీ అదనంగా చేసే మేలు తగ్గింది. చెంగల్పట్టు ఫలితానికి చెప్పే వివరణల్లో ఇది ముఖ్యమైనది. మద్రాసు క్షయ కేంద్రంలో అంతకుముందే మరో వింత బయటపడింది. దక్షిణ భారత రోగుల నుంచి తీసిన క్షయ క్రిములు బ్రిటన్ క్రిములతో పోలిస్తే గినీ పందుల్లో సగటున మెతకగా కనిపించాయి. కానీ ఆ మెతక క్రిములే మన మనుషుల ఊపిరితిత్తులను తినేస్తున్నాయి.

అందుకే ఏ ఒక్క జంతువునూ గుడ్డిగా నమ్మకూడదు, ఏ ఒక్కదాన్నీ తోసిపుచ్చకూడదు. మామూలు ప్రయోగశాల ఎలుకలో మనిషికి వచ్చినట్టు జున్నులా కుళ్లే క్షయ గడ్డలు సరిగా రావు, గినీ పందిలో వస్తాయి. జీబ్రా చేప పిల్ల ఒళ్లు గాజులా పారదర్శకం. చేపలకు వచ్చే క్షయ క్రిమిని దానికి ఎక్కించి, ఆ గడ్డ క్రిములను బంధించడమే కాక వాటి వ్యాప్తికీ దారి ఇస్తుందని లలితా రామకృష్ణన్ బృందం చూపింది. ఈ పని ఇష్టారాజ్యంగా జరగడానికి వీల్లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద జంతువుల మీద ప్రయోగాలకు ప్రత్యేక పర్యవేక్షణ ఉంది. వీలైతే జంతువు లేకుండా, కాకపోతే తక్కువ జంతువులతో, తక్కువ బాధతో చేయాలన్న సూత్రాన్ని రసెల్, బర్చ్ 1959లోనే రాసిపెట్టారు. దాన్ని మనసా పాటించే ప్రయోగశాలకే జంతువును తాకే హక్కు ఉండాలి.

దొర్నిపాడు కాపరులకు ఒక మనవి. మేస్తూ మేస్తూ గొర్రె హఠాత్తుగా కూలి, ముక్కు నుంచో నోటి నుంచో గడ్డకట్టని నల్లని రక్తం కారితే దాన్ని కోయకండి, తోలు తీయకండి, మాంసం పంచకండి. కోస్తే గాలి తగిలి క్రిములు సిద్ధబీజాలవుతాయి. ఆ నేల ఏళ్ల తరబడి మందను కబళిస్తుంది. ముందు పశువైద్యశాలకు కబురు చేయండి. చెవి కొసన తీసిన రక్తపు చుక్క చాలు వాళ్లకు. ఆ తర్వాత సున్నం చల్లి ఆరడుగుల లోతున పూడ్చండి, మిగిలిన మందకు టీకా వేయించండి.