లెక్కలో మిగిలిన తేడా



గురుత్వాకర్షణ అంటే ఏమిటని అడిగితే, ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీరు వెంటనే సూత్రం చెప్పేస్తారు. రెండు ద్రవ్యరాశుల లబ్ధానికి అనులోమంగా, వాటి మధ్య దూరపు వర్గానికి విలోమంగా ఉండే బలం. ఆ సూత్రం చుట్టూ మూడు వందల ఏళ్లుగా నడుస్తున్న నిజాయితీ గురించి నేను మాట్లాడతాను.

నేలకూ నింగికీ ఒకటే నియమమని న్యూటన్ 1687లో ‘ప్రిన్సిపియా’ గ్రంథంలో చూపించాడు. చెట్టు నుంచి రాలిన పండు మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. భూకేంద్రం నుంచి మనం ఉన్న దూరానికి సుమారు 60 రెట్ల దూరంలో చంద్రుడున్నాడు. కాబట్టి అక్కడ భూమి లాగే బలం 3,600వ వంతుకు తగ్గాలి. చంద్రుడు సెకనులో సుమారు 1.4 మిల్లీమీటర్లు మాత్రమే మనవైపు పడాలి. సరిగ్గా అంతే పడుతున్నాడు. పక్కకు దూసుకుపోయే వేగం కూడా ఉంది కనుక నేలను తాకకుండా తిరుగుతున్నాడు. ఇంత సాధించినా, ఈ ఆకర్షణకు కారణం తనకు దొరకలేదని న్యూటన్ 1713 నాటి రెండో ముద్రణలో సూటిగా రాశాడు.

ఆ తర్వాత లెవెరియే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త కథ వినండి. యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవడం లేదు. కనబడని మరో గ్రహమేదో దాన్ని లాగుతోందని ఆయన గణించాడు. 1846 సెప్టెంబరులో బెర్లిన్‌లో గాలే అనే ఖగోళ శాస్త్రవేత్త దుర్భిణి తిప్పి చూస్తే, లెవెరియే చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలే నెప్ట్యూన్ కనిపించింది.

బుధగ్రహం కక్ష్యలోనూ చిన్న తేడా ఉందని అదే లెవెరియే 1859లో గమనించాడు. దానికీ ఒక గ్రహమే కారణమన్నాడు, వల్కన్ అని పేరు కూడా పెట్టారు. దశాబ్దాలు వెతికినా అది దొరకలేదు. ఆ తేడా శతాబ్దానికి సుమారు 43 ఆర్క్ సెకన్లు. ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. వదిలేస్తే అడిగేవారుండరు. కానీ ఖగోళ శాస్త్రవేత్తలు దాన్ని వదల్లేదు, లెక్క సరిపోయిందని దిద్దుకోలేదు. 1915 నవంబరులో ఐన్‌స్టీన్ గురుత్వాన్నే కొత్తగా నిర్వచించాడు. ద్రవ్యరాశి తన చుట్టూ ఉన్న స్థలకాలాన్ని వంచుతుంది. ఆ వంపు వెంబడే గ్రహాలు సాగుతాయి. ఆయన సమీకరణాల్లో ఆ 43 సెకన్లూ వాటంతటవే వచ్చాయి.

దీనితో న్యూటన్ పనికిరాకుండా పోలేదు. 2023లో శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3కు దారి వేసిన గణితానికి పునాది ఆయన సూత్రమే. మీ ఫోన్లో దారి చూపే జీపీఎస్‌కు మాత్రం ఐన్‌స్టీన్ సవరణ తప్పనిసరి; లేకపోతే ఉపగ్రహ గడియారాలు రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. పాత సత్యానికి హద్దు తెలిసింది, అంతే.

మళ్లీ లెవెరియే దగ్గరికి వద్దాం: ఒకే మనిషి, ఒకే పద్ధతి. ఒకసారి కొత్త గ్రహం దొరికింది, రెండోసారి సిద్ధాంతమే మారాల్సి వచ్చింది. తేడా కనిపించినప్పుడు ఏది జరుగుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. ఈనాటికీ గెలాక్సీల అంచుల్లోని నక్షత్రాలు, మనకు కనబడే పదార్థం లాగగలిగినదానికన్నా వేగంగా తిరుగుతున్నాయి. కనబడని కృష్ణ పదార్థం ఉందని ఎక్కువమంది నమ్ముతున్నారు. గురుత్వ నియమాన్నే సవరించాలని కొందరు వాదిస్తున్నారు. తీర్పు ఇంకా రాలేదు. చెప్పబోయేది మీ తరం కావచ్చు.

రేపు మీరు ప్రయోగశాలలో ఉన్నా, ఆసుపత్రిలో ఉన్నా, వంతెన కడుతున్నా, బ్యాంకు పద్దులు చూస్తున్నా మీ లెక్కలో ఎక్కడో ఒక చిన్న తేడా మిగులుతుంది. పైవారి మెప్పు కోసమో, గడువు ముంచుకొస్తోందనో దాన్ని చెరిపేయకండి. ఎంత తేడా ఉందో అంతా రాసి పెట్టండి, నలుగురికీ చూపండి. చదువుకున్నవారిగా సమాజానికి మీరు పడిన మొదటి బాకీ అదే. దాన్ని తీర్చండి.