ముల్లు అబద్ధమాడినప్పుడు



చలికాలపు తెల్లవారుజామున కోదాడ నుండి సూర్యాపేటకు బయలుదేరినవారికి పొగమంచు సంగతి తెలుసు. ముందున్న లారీ కనబడదు. అయినా బండి ప్రక్కకు ఆపుకోవచ్చు. ఆకాశంలో చిన్న విమానం నడిపేవానికి ఆ వీలు లేదు. మబ్బులో దూరితే భూమి, ఆకాశం రెండూ కనబడవు. విమానం ఒరిగిపోతున్నా అతని లోపలి చెవి, "తిన్నగానే ఉన్నావు" అంటుంది. పరికరాలను చూచి నడపడం నేర్వని 20 మందిని అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయం పరీక్షించి, 1954లో ఫలితం ప్రకటించింది. 20 మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లలోనే! మూడు నిమిషాలైనా కాదు.

అందుకే పైలట్ తన మనస్సును కాదు, పరికరాల ముళ్ళను నమ్మాలి. మరి ఆ ముల్లే చెడిపోతే? చాలా చిన్న విమానాలలో ఒరుగుడు చూపే పరికరం ఇంజను త్రిప్పే గాలిపంపు మీద నడుస్తుంది. పంపు ఆగితే అది వెంటనే ఆగదు. లోపలి చక్రం నెమ్మదించి, మెల్లమెల్లగా ప్రక్కకు వాలుతుంది. దానిని నమ్మినవాడు తిన్నగా పోయే విమానాన్ని తానే ఒరగబెడతాడు. కనుక ఒక్క ముల్లు మాటే వినవద్దని శిక్షణలో నేర్పుతారు. వేగం, ఎత్తు, మలుపు చూపేవాటితో కలిపి చూడాలి. అబద్ధమాడేది తేలగానే దానిని కాగితంతో కప్పివేయాలి. మొదట విమానం నడపాలి, తరువాత దారి చూడాలి, ఆ తరువాత రేడియోలో సహాయమడగాలి.

2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు, మరి నలుగురు నల్లమలలో హెలికాప్టరు కూలి మరణించారు. బలంగా క్రిందికి దిగే గాలిలో చిక్కి అది అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది. అంతకుముందు ఒక ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక కోసం పైలట్లు ఆరు నిమిషాలకు పైగా పుస్తకంలో వెదకుతూ ఉండిపోయారని కూడా చెప్పింది. ఎవరినీ నిందించుటకు కాదు, మనము నేర్చుకొనుటకే ఈ మాట.

ప్రియులారా, మన ఇండ్లలోనూ ఇంతే కదా! అప్పు అనే ఒక్క దీపం వెలుగుతుంది. రాత్రింబవళ్ళు దానినే చూస్తాము. ఆలోగా భార్య కన్నీరు, బిడ్డ చదువు, మన ఆరోగ్యం జారిపోతుంటాయి. "ఇక దారి లేదు" అని మనస్సు చెప్పుతుంది. పత్తి పోయిన రైతుకు ఆ మాట నిజమే అనిపిస్తుంది. అది చెడిన ముల్లు! దానిని కప్పివేయండి.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదవండి. అనేక దినములు సూర్యుడు, నక్షత్రములు కనబడని ఆ ఓడలో నావికులు ఏమి చేశారు? లోతు కొలిచారు, మరల కొలిచారు, నాలుగు లంగరులు వేసి తెల్లవారుటకు కనిపెట్టారు. మీరును వాక్యముతో కొలుచుకొనండి. సంఘములోని ఒక పెద్దతో, ఇంటివారితో నోరు విప్పి చెప్పండి. నేటి పని నేడు చేయండి. చీకటిలో పెద్ద నిర్ణయము చేయకండి.

తెల్లవారును. దేవుడు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.