వెలుగు వేసే ఎర



చలికాలం రాగానే మన ఇళ్ళకు ఒక రకం ఫోటోలు రావడం మొదలవుతుంది. మినియాపోలిస్‌లోనో టొరంటోలోనో ఉన్న మేనల్లుడు పంపిస్తాడు. గడ్డకట్టిన చెరువు, దాని మీద కుర్చీ, కుర్చీ ముందు మంచులో తొలిచిన గుండ్రటి కన్నం, అందులోకి దించిన గాలం. గాలానికి కాస్త పైన మినుకుమినుకుమనే బుల్లి దీపం. "మావయ్యా, ఇది చూసే చేప వస్తుంది" అని కింద ఒక ముక్క. ఇక మన పిల్లలు ఊరుకుంటారా? "నాన్నా, మనమూ కొందాం" అంటారు.

మనకు మంచు అంటే 2005లో తెరిచిన స్కీ దుబాయ్. అక్కడ చేపలు తినే పెంగ్విన్లున్నాయి గానీ మంచు కింద చేపల్లేవు! అయితే ఆ దీపం ఇక్కడి సముద్రంలోనూ పనిచేస్తుంది. ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎలా వాడాలో ఈ వారం చెప్పుకుందాం.

నిజానికి ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది ఈ మినుకు దీపం. దెబ్బతిన్న చిన్న చేప నీళ్ళలో అటూ ఇటూ పొర్లుతుంటే దాని పొలుసులు తళుక్కు తళుక్కుమంటాయి. వేటాడే చేపకు ఆ తళుకు "సులువుగా దొరికే తిండి" అని చెప్పినట్టే. మినుకు దీపం ఆ తళుకును అనుకరిస్తుంది. మంచు మీద హిమం పేరుకుంటే చెరువు లోపల పట్టపగలే మసక చీకటి. చల్లటి నీళ్ళలో చేపకు బద్ధకం, తిండి కోసం దూరం పోదు. అందుకే అక్కడ ఆ తళుకుకు అంత విలువ. మన దగ్గర ఎండ పడే తేట నీళ్ళలో, ఒడ్డు దగ్గర, పగటి పూట దాని అవసరం పెద్దగా ఉండదు. లోతు నీళ్ళలోనో, కలక నీళ్ళలోనో, రాత్రి పూటో పనికొస్తుంది.

రెండోది నిలకడగా వెలిగే దీపం. పడవ పక్కన నీళ్ళలోకి దించుతారు. కంటికి సరిగా ఆనని సూక్ష్మజీవులు ముందు ఆ వెలుగు దగ్గర చేరతాయి. వాటి కోసం చిట్టి చేపలు, చిట్టి చేపల కోసం పెద్ద చేపలు వస్తాయి. స్క్విడ్ మాత్రం వెలుగులోకి పూర్తిగా రాకుండా నీడ అంచున పొంచి ఉంటుంది. అందుకే తెలిసినవాళ్ళు గాలాన్ని దీపం కింద కాక, వెలుగూ చీకటీ కలిసేచోట వేస్తారు. రంగు సంగతి కూడా ఉందండోయ్. ఎరుపు కొన్ని మీటర్ల లోతులోనే నీళ్ళలో కలిసిపోతుంది. ఒడ్డు దగ్గరి నీళ్ళలో ఆకుపచ్చ ఎక్కువ దూరం పోతుంది. పున్నమి నాడు ఆకాశమంతా దీపమే కాబట్టి మన దీపాన్ని లెక్కచేసేవారుండరు. అమావాస్య ముందూ వెనకా రాత్రులే దీనికి మంచివి.

ఇప్పుడు అసలు మాట. దీపం చేపను పుట్టించదు. ఉన్నవాటిని ఒకచోటికి పోగు చేస్తుంది, అంతే. నాలుగు దిక్కులా చెదిరి ఉన్నవి ఒక్కచోట చేరేసరికి సముద్రం నిండా చేపలే ఉన్నాయనిపిస్తుంది. గల్ఫ్ సగటు లోతు 35 మీటర్లే. అలాంటి సముద్రంలో అడుగున తిరిగే చేపలు 1978తో పోలిస్తే 81 శాతం తగ్గాయని 2000ల తొలినాళ్ళలో జరిగిన సర్వే తేల్చింది. తరువాత కట్టడులు వచ్చాయి. షేరీ, సాఫీ చేపలు గుడ్లు పెట్టే మార్చి, ఏప్రిల్ నెలల్లో వాటిని పట్టకూడదనీ అమ్మకూడదనీ 2015లో ఉత్తర్వు వచ్చింది. గర్‌గూర్ అనే తీగబుట్టలను 2019లో అబుదాబీ నిషేధించింది.

మన దేశంలోనూ ఇదే గొడవ. పెద్ద బోట్లు జనరేటర్లు పెట్టి, శక్తిమంతమైన దీపాలు వెలిగించి, చేరిన చేపనంతా ఒక్క వలలో ఎత్తేస్తుంటే, చిన్న పడవలవాళ్ళకు ఏం మిగులుతుంది? పిల్ల చేపలు కూడా ఆ వలలోనే పోతాయి. అందుకే 2017 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఎల్.ఇ.డి. వంటి కృత్రిమ దీపాలతో చేపలు పట్టడాన్ని నిషేధించింది. సెలవు రోజున గాలం వేసే మనమూ, ఆ బోట్లూ ఒకటి కాదు, నిజమే. కానీ దీపం చేసే పని ఒకటే. కాబట్టి ఎంత దొరుకుతుందన్నది కాదు, ఎంత దగ్గర ఆపుతామన్నదే మన చేతిలో ఉన్న లెక్క.

వెళ్ళేముందు లైసెన్సు తీసుకోండి. అబుదాబీలో వారానికీ, ఏడాదికీ విడివిడిగా ఇస్తారు. దాని షరతుల్లో ఏ పనిముట్లకు అనుమతి ఉందో చదివాకే దీపం కొనండి. హమూర్ సంగతి ప్రత్యేకం. అది ఆడచేపగా పెరిగి, పెద్దయ్యాక కొన్ని మగవిగా మారతాయి. చిన్నప్పుడే పట్టేస్తే అటు తల్లీ లేదు, ఇటు తండ్రీ లేడు. చిన్నది పడితే తడిచేత్తో పట్టుకుని మెల్లగా నీళ్ళలో వదిలేయండి. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాల్లో దీపాలు వెలిగించకండి. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు సముద్రం వైపు కాక వెలుగు వైపు నడుస్తాయి.

చివరగా అమ్మలకూ నాన్నలకూ ఒక హెచ్చరిక. ఈ మినుకు దీపాల్లో చాలావాటికి నాణెంలాంటి గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. పసివాళ్ళు మింగితే రెండు గంటల్లోపే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగారని అనుమానం వచ్చినా సరే, ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గాలాల పెట్టె పిల్లలకు అందనిచోట పెట్టండి. అయిపోయిన బ్యాటరీని సముద్రంలో వేయకుండా ఇంటికి తెచ్చి, పాత బ్యాటరీలు వేసే డబ్బాలో వేయండి.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. సముద్రమూ ఒక ఇల్లే. వంటకు సరిపడా రెండు చేపలు పడగానే దీపం ఆర్పేయండి. మిగిలినవి చీకట్లో ఎవరి దారిన అవి పోతాయి. వచ్చే ఏడాది పిల్లలు మళ్ళీ అడిగినప్పుడు చూపించడానికి అవి ఉండాలి కదా!

సెలవు.