కొండెక్కే గుంపులో వెనుకబడినవారే ముఖ్యం



రోగికి తోడుగా వచ్చి వార్డు బయట కూర్చున్న మీతో ఈ రోజు కొండ ఎక్కడం గురించి మాట్లాడతాను. ఆసుపత్రిలో ఈ మాట ఎందుకని అనుకోవద్దు. డిశ్చార్జి అయ్యేటప్పుడు చాలామంది అడిగే ప్రశ్న ఇది: "సిస్టరు గారూ, కార్తీక మాసంలో అందరం రామతీర్థం వెళ్తున్నాం. నాన్నగారిని కూడా కొండ ఎక్కించొచ్చా?"

రామతీర్థంలో బోడికొండ మీద కోదండరాముని గుడి ఉంది. గురుభక్తులకొండ మీద సుమారు 500 అడుగుల ఎత్తున పాత బౌద్ధారామం శిథిలాలున్నాయి. పక్కనే దుర్గకొండ. చూడదగిన చోట్లే. నడక గుండెకు, షుగరుకు మంచిదే. అయితే చదునైన రోడ్డు మీద నడక వేరు, ఎండలో రాతి కొండ ఎక్కడం వేరు. పైకి అంబులెన్సు రాదు. అందుకే జాగ్రత్త కింద ఉన్నప్పుడే పడాలి.

ఎవరు ఎక్కకూడదు?

ఈ మధ్య గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, ఆపరేషను అయినవారు డాక్టరు ఒప్పుకోకుండా ఎక్కకూడదు. నాలుగు అడుగులకే ఆయాసం, నడిస్తే ఛాతీలో పట్టేసినట్టు ఉండడం, కాళ్ల వాపు, అదుపులో లేని బి.పి. ఉన్నవారు కింద గుడి దగ్గర, చెరువు గట్టున కూర్చోవచ్చు. వారితో ఒకరు ఉండండి. ఒంటరిగా వదిలి వెళ్లొద్దు.

ఎలా ఎక్కాలి?

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలం. తెల్లవారగానే బయలుదేరి, ఎండ ముదరకముందే దిగిపోవాలి. మనది సముద్రానికి దగ్గర ప్రాంతం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా నీళ్లు తాగండి. ఎక్కువ చెమట పడితే ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు నీళ్లలో కలిపి తాగండి. గుండె, కిడ్నీ జబ్బు వల్ల నీళ్లు కొలిచి తాగమన్నవారు మాత్రం డాక్టరును అడగాలి.

నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టు. మాట తెగిపోతుంటే ఆగాలి. కుర్రాళ్లు ముందు పరుగెత్తి పైన కూర్చుని, ఆయాసపడుతూ పెద్దాయన చేరగానే "పదండి" అంటారు. వాళ్లకు విశ్రాంతి దొరికింది, ఆయనకు దొరకలేదు. కనుక మెల్లగా నడిచేవారిని ముందు నడిపించండి. ఆదికాండము 33వ అధ్యాయంలో యాకోబు కూడా ఇలాగే ఆలోచించాడు. పిల్లల నడకను బట్టి, మందల నడకను బట్టి మెల్లగా వస్తానని అన్నకు చెప్పాడు. తొందరపెడితే ఒక్క రోజులో మంద చనిపోతుందని ఆయనకు తెలుసు.

షుగరు ఉన్నవారికి

ఇన్సులిను లేదా షుగరు మాత్రలు వేసుకుని, ఖాళీ కడుపుతో కొండ ఎక్కకూడదు. చోడి అంబలో, ఇడ్లీయో తిని బయలుదేరాలి. చేతులు వణకడం, చల్లని చెమట, తికమక మాటలు కనిపిస్తే కూర్చోబెట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఏమైనా తినిపించండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. ఎక్కువ నడిచిన రోజు రాత్రి కూడా షుగరు పడిపోవచ్చు. చెప్పుల్లేకుండా ఎక్కే ఆచారం ఉంటే, దిగాక అరికాళ్లు తప్పక చూడండి. తిమ్మిరి కాళ్లకు గాయం తెలియదు.

ఛాతీ నొప్పి వస్తే

"గ్యాస్ అయ్యుంటుంది, మెల్లగా దిగిపోదాం" అనవద్దు. ఇక్కడే ప్రాణాలు పోతున్నాయి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే ఒక్క అడుగు కూడా నడిపించకండి. నీడన కూర్చోబెట్టి 108కి ఫోను చేయండి. ఏ కొండ, ఏ వైపు దారి అన్నది స్పష్టంగా చెప్పండి. ఒకరు కింద రోడ్డు మీద నిలబడాలి. మిగిలినవారు రోగిని కుర్చీలోనో, గట్టి దుప్పటిలోనో మోసుకుని దించాలి.

ఎండలో ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బ. బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు చల్లి విసురుతూనే 108ని పిలవండి.

ఇంటికొచ్చాక

ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు సొంతంగా కొనుక్కోకండి. చెమటతో నీరు తగ్గిన ఒంటికి అవి కిడ్నీలను దెబ్బతీయగలవు. బి.పి. మాత్రలు వాడేవారికి మరీ ప్రమాదం. ఉద్దానం ప్రాంతపు కిడ్నీ బాధలు ఎరిగిన మనకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే, పొదల్లో తిరిగామని డాక్టరుకు చెప్పండి. పురుగు కుట్టినచోట నల్లటి పక్కు ఉంటే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. త్వరగా గుర్తిస్తే మందుతో నయమవుతుంది.

చివరిగా ఒక మాట. సగం దారిలో "ఇక చాలు" అన్నవారిని నవ్వకండి, బతిమాలకండి. వారితో ఒకరు వెనక్కి దిగండి. ఎక్కినవారందరూ క్షేమంగా ఇల్లు చేరితేనే ఆ ప్రయాణం పూర్తయినట్టు.

దేవుడు మీ ఇంటివారందరినీ కాపాడును గాక.